లినక్సు కంప్యూటరునకు పెన్‌డ్రైవును కలుపుట, విడుచుట



నేడు నేను విన్నవింపబోవు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. చిటికెనవ్రేలంత యుండు నొక వస్తువును కంప్యూటరునకు తగిలించుట యెట్లు, పని తీరిన పిదప దానిని మరల తీసికొనుట యెట్లు అనునదే ఆ విషయము. ఇంతమాత్రమునకు ఒక ప్రసంగము కావలయునా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తగిలించుట పసివానికిని తెలియును. లాగివేయుట అంతకంటె సులభము. అయితే ఆ సులభమైన పనిలోనే మా యింటివారు మరల సంపాదింపరాని సొత్తు నొకదానిని పోగొట్టుకొనిరి. ఆ సంగతి నడుమ చెప్పెదను. ముందుగా విషయమును మొదటినుండి మనవి చేసెదను.

మాది అచ్యుతాపురము. విశాఖపట్టణమునకు నైరుతి దిక్కుగా, సముద్రమునకు చేరువ నున్న యూరు. ఇదివరకు విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీనుండి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినది. ఒకప్పుడు మెట్టను జీడిమామిడి, పల్లమున వరి, పూడిమడక వైపున చేపలవేట - ఇవి మా జీవనాధారములు. తరువాత ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చినది, కర్మాగారములు వచ్చినవి, పొలములు పోయిన కుటుంబముల పిల్లలు ఆ కర్మాగారములలోనే పనికి కుదిరినారు. వారితోపాటు కంప్యూటరులును ఇండ్లలోనికి ప్రవేశించినవి. మనుమల చదువు, పట్టాల నకళ్లు, పెండ్లి చిత్రములు, పింఛను కాగితములు - ఇవి యన్నియు నిప్పుడు భోషాణములలో గాక పెన్‌డ్రైవులలో దాగుచున్నవి. కావున ఆ భోషాణమును తెరచుట, మూయుట పెద్దలకును తెలిసియుండుట మేలు.

కంప్యూటరును నడుపుటకు లోపల నొక కార్యనిర్వాహకుడు కావలయును. మీట నొక్కినపుడు అక్షరమును తెరమీద చూపుట, దాచుమన్నదానిని దాచుట, అడిగినపుడు తీసి యిచ్చుట వాని పనులు. దానిని ఆపరేటింగు సిస్టమందురు. మనలో పెక్కుమందికి పరిచయమైనది విండోస్. లినక్సు అనునది అట్టిదే మరియొకటి. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్న లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు దీని మూలభాగమును వ్రాసి, లోకమున నెవరైనను ఉపయోగించుకొనవచ్చునని పంచిపెట్టెను. అంతకు ముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అను నాయన గ్నూ అను పేర స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రయత్నమును ప్రారంభించియుండెను. ఆ రెండును కలిసినదే నేడు మనము తెరమీద చూచునట్టి లినక్సు. దీనికి వెల లేదు; ఒకరు మరియొకరికి నకలు తీసి యిచ్చుట దోషము కాదు. తెలుగునాట స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగు అక్షరములతో కనబడునట్టి లినక్సును సిద్ధపరచి పంచినారు. భారత ప్రభుత్వపు సీడాక్ సంస్థ బాస్ అను పేర మరియొకదానిని తయారుచేసినది.

ఇప్పుడు పల్లెలలో దీని ప్రస్తావన యేల వచ్చినదనగా, విండోస్ 10నకు తయారీదారుల సాధారణ పోషణ 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాతిదగు విండోస్ 11ను మోయజాలని పాత యంత్రములు పెక్కు గలవు. ముసలిదైనను ఎద్దు నడచుచున్నంతకాలము రైతు దానిని తోలివేయడు గదా! అట్టి యంత్రములలో లినక్సును ఎక్కించుకొని వాడుకొనువారు కలరు. మా యింట జరిగినదియు నదియే. అయితే క్రొత్త యిల్లు చేరినపుడు దాని గడపలు, ద్వారబంధములు ఎచ్చటెచ్చట నున్నవో తెలిసికొనవలయును. పెన్‌డ్రైవు విషయమున లినక్సు గడప కొంచెము వేరుగా నుండును.

విండోస్‌లో ప్రతి డ్రైవునకును ఒక అక్షరము పేరు. సి యని యొకటి, డి యని యొకటి, పెన్‌డ్రైవు పెట్టినచో ఇ యనియో ఎఫ్ అనియో మరియొకటి. ఇది ఒక వీధిలో వరుసగా నున్న వేర్వేరు ఇండ్ల వంటిది. లినక్సులో నట్లు కాదు. అచ్చట ఒక్కటే ఇల్లు, ఒక్కటే సింహద్వారము. ఆ ద్వారమును ఒక ఏటవాలు గీతతో గుర్తింతురు. దానిని రూటు, అనగా వేరు, అని పిలుతురు. కంప్యూటరులోని సమస్తమైన ఫోల్డరులును ఆ వేరునుండి మొలచిన కొమ్మలే. బయటినుండి వచ్చిన పెన్‌డ్రైవు తన లోపలి సరకుతో సహా ఆ చెట్టునకే యొకచోట అంటుకట్టబడవలయును. అంటు కట్టుటకు ముందు ఆ కొమ్మ మామిడిదే యైనను మన చెట్టుది కాదు; కట్టిన పిదప మన చెట్టు కొమ్మయే. ఇట్లు కలుపుటను మౌంటు చేయుట యందురు. కలుపబడిన చోటును మౌంటు స్థానమందురు.

ఈ మాటకు ఒక చరిత్ర కలదు. లినక్సునకు పెద్దతాతయని చెప్పదగిన యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారి చేతులమీదుగా ప్రారంభమైనది. 1971లో వెలువడిన దాని మొదటి వివరణ గ్రంథమునందే మౌంటు అను ఆజ్ఞ కనబడును. ఆ రోజులలో కంప్యూటరు శాలలలో వాడుచుండిన కదలించదగిన డిస్కులు పెద్ద పళ్లెముల దొంతరలు. పనివాడు వానిని చేతులతో మోసికొని వచ్చి, యంత్రపు ఇరుసుమీద నెక్కించి బిగించెడివాడు. పని కాగానే దించి బీరువాలో పెట్టెడివాడు. ఇంగ్లీషున మౌంటు అనగా ఎక్కించుట. డిస్కు జేబులో పట్టునంత చిన్నదైనను పాత మాట నిలిచిపోయినది. మాటతోపాటు ఆనాటి మర్యాదయు నిలిచినది: ఎక్కించిన దానిని ముందు చెప్పి దింపవలయునే కాని లాగివేయరాదు.

మీకు బాగుగా తెలిసిన యుదాహరణముతో దీనిని వివరింతును. మన విశాఖపట్టణపు ఓడరేవు 1933లో తెరవబడినది. డాల్ఫిన్స్ నోస్ అను కొండ చాటున, ఇరుకైన కాలువగుండ ఓడలు లోపలి రేవునకు వచ్చును. సముద్రమునుండి వచ్చిన ఓడ తిన్నగా గట్టునకు వచ్చి తగులుకొనునా? తగులుకొనదు. మొదట రేవువారు దాని రాకను గుర్తింతురు. తరువాత దారి తెలిసిన పైలటు ఓడ నెక్కును. పిదప నిర్ణయింపబడిన గట్టునకు ఓడ చేరును. మోకులు బిగించిన తరువాతనే సరకు దిగును, సరకు ఎక్కును. పెన్‌డ్రైవు విషయమునను ఇట్టి క్రమమే జరుగును.

మొదటిది గుర్తింపు. మీరు పెన్‌డ్రైవును కంప్యూటరు ప్రక్కనున్న యుఎస్‌బి గూటిలో పెట్టినంతనే లినక్సు దాని రాకను కనిపెట్టి ఒక పేరు పెట్టును. యంత్రములో ఇదివరకే ఎస్‌డిఎ యను డిస్కొకటి యున్నచో క్రొత్తది ఎస్‌డిబి యగును. అందు ఒక్కటే భాగమున్నచో అది ఎస్‌డిబి 1. ఇది రేవు పుస్తకములో వ్రాసికొన్న ఓడ సంఖ్య వంటిది. ఈ పేరు స్థిరము కాదు. నేడు ఎస్‌డిబి యైనది రేపు ఎస్‌డిసి కావచ్చును. కావున దానిని నమ్మి ముఖ్యమైన పని యేదియు చేయరాదు.

రెండవది దస్త్రమును చదువుట. డ్రైవులో అక్షరములు, చిత్రములు ఎచ్చటెచ్చట నున్నవో తెలుపు పద్దు ఒకటి దానిలోనే వ్రాయబడియుండును. పూర్వము మన గ్రామములలో ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎంత విస్తీర్ణమో కరణముగారి దస్త్రము చెప్పెడిది. 1984లో ఆ పదవులు రద్దయినవి గాని దస్త్రము విలువ మీకు నేను చెప్పనక్కరలేదు. దస్త్రము చెరిగినచో భూమి ఎచ్చటికిని పోదు, అయినను ఎవరిదో తెలియదు. డ్రైవులోని ఈ దస్త్రమును ఫైల్ సిస్టమందురు. ఇవి పలు విధములు. ఫ్యాట్ 32 యనునది పాతది. దాదాపు ప్రతి యంత్రమును దీనిని చదువును. అయితే అందులో 4 జీబీకి మించిన ఫైలు ఒక్కటియు పట్టదు. పెండ్లి వీడియో పెద్దదైనపుడు డ్రైవులో చోటున్నను నకలు కాకుండుటకు తరచుగా ఇదియే కారణము. ఎక్స్‌ఫ్యాట్ అనుదానికి ఈ చిక్కు లేదు. పెద్ద పెన్‌డ్రైవులకు, కెమెరా కార్డులకు దీనినే వాడుచున్నారు. ఎన్‌టిఎఫ్‌ఎస్ విండోస్ వారిది; ఇఎక్స్‌టి 4 లినక్సువారిది. పై నాలుగింటిని నేటి లినక్సు చదువగలదు, వ్రాయగలదు. విండోస్ మాత్రము తనంతట తాను ఇఎక్స్‌టి 4ను చదువజాలదు. కావున రెండు విధముల యంత్రములలో తిరుగవలసిన డ్రైవునకు ఎక్స్‌ఫ్యాట్ తగినది.

మూడవది గట్టు చూపుట. లినక్సు ఆ డ్రైవునకొక ఖాళీ ఫోల్డరును కల్పించి దానికి అంటుకట్టును. ఉబుంటు, డెబియన్ మొదలగు రకములలో ఇది మీడియా అను ఫోల్డరులో, మీ పేరుగల యరలో, డ్రైవు పేరుతో కనబడును. ఈ పనులన్నియు తెర వెనుక రెండు మూడు క్షణములలో జరిగిపోవును. మీరు చేయవలసినది, ఫైళ్లను చూపు కిటికీని తెరచి, ఎడమవైపు వరుసలో డ్రైవు పేరు కనబడినదా యని చూచుట మాత్రమే. పేరుండి తెరచుకొననిచో దానిమీద నొకసారి నొక్కిన చాలును, అపుడు మౌంటగును. పేరే కనబడనిచో తీసి మరియొక గూటిలో పెట్టి చూడుడు. పాత యంత్రములలో ముందువైపు గూళ్లు వదులై యుండుట కలదు.

ఇంతవరకు కలుపుట యైనది. ఇక విడుచుట. మా యింటి సంగతి చెప్పవలసిన చోటు ఇదియే.

మా పెదనాన్నగారికి ఎనుబది యేండ్లు దాటినవి. మా పొలములు, చుట్టుప్రక్కల పొలములు కర్మాగారములకు పోయి చాల యేండ్లయినది. ఇప్పుడచ్చట గోడలు, రోడ్లు తప్ప గట్లు లేవు. అయినను ఆయన జ్ఞాపకములో ప్రతి మడి నిలిచియుండెను. తాటిమెరక యేది, గెడ్డ దాటిన తరువాత గొల్లల గరువు ఎంతవరకు, ఏ చెరువు నీరు ఏ కాలువగుండ ఏ మడికి పారెడిది, ఏ మర్రిక్రింద కల్లము వేసెడివారు - ఆ పేర్లన్నియు ఆయన నోటనే యుండెను. ఏ పటములోను ఆ పేర్లు లేవు. ఒకనాడు మా తమ్ముని కుమారుడు ఆయన ఎదుట కూర్చుండి, సుమారు రెండు గంటలసేపు అడిగి అడిగి చెప్పించి, సెల్‌ఫోనులో ఆ గొంతును పట్టెను. నడుమ నడుమ ఆయన నవ్వెను. ఒకచోట కంటతడి పెట్టెను. అదియు నందు పడినది.

ఫోనులో చోటు చాలకుండెను. కుర్రవాడు ఫోనును కంప్యూటరునకు తగిలించి, ఆ ఫైలును అచ్చటనుండి పెన్‌డ్రైవునకు పంపెను. నకలు తీయుమని చెప్పలేదు, తరలింపుమని చెప్పెను. తరలించుట యనగా ఇచ్చట పెట్టి అచ్చట చెరిపివేయుట. తెరమీది కొలబద్ద చివరివరకు వచ్చినది. పని యైపోయినదని తలచి, బస్సునకు ఆలస్యమగుచున్నదని పెన్‌డ్రైవును లాగి జేబులో వేసికొని పోయెను. మరునాడు తెరచి చూడగా ఫైలు పేరు ఉన్నది, పరిమాణము సున్న. ఫోనులో లేదు. తెలిసినవారికి చూపించితిమి, ఫలము లేకపోయెను. మరల చెప్పింపవచ్చునని కూర్చుండితిమి. ఆ వానకాలములో పెదనాన్నగారికి జబ్బు చేసి మాట తడబడినది. మరు సంక్రాంతికి ఆయన లేరు. తాటిమెరక యెచ్చటనో నాకు తెలియును. గొల్లల గరువు తెలియును. తక్కినవి తెలియవు.

తప్పు కుర్రవానిది మాత్రమే కాదు. ఆ చిన్న వస్తువు మర్యాదను వానికి ఎవరును చెప్పలేదు. అది యేమనగా వినుడు.

కంప్యూటరులోని జ్ఞాపకశక్తి మిక్కిలి వేగము కలది. పెన్‌డ్రైవు మిక్కిలి నిదానము. ప్రతి చిన్న దానికిని పెన్‌డ్రైవుకొరకు కాచుకొనినచో మన పని సాగదు. కావున లినక్సు ఏమి చేయునంటే, మీరు పంపిన సరకును ముందు తన గిడ్డంగిలో దించుకొని, మీతో పని యైనదని చెప్పును. పిదప తీరిక చూచుకొని ఓడలోనికి ఎక్కించును. సాధారణముగా ఇది కొద్ది సెకనులలో మొదలగును. సరకు ఎక్కువయినచో కొన్ని నిమిషములు కూడ పట్టవచ్చును. తెరమీది కొలబద్ద నిండినదన్న మాటకు అర్థము, సరకు రేవు చేరినదని. ఓడలోనికి ఎక్కినదని కాదు. ఆ నడుమ ఓడను త్రెంచుకొని పోయినచో సరకు గట్టుననే మిగిలిపోవును. యంత్రము ఆపినంతనే గిడ్డంగిలోనిదియు మాయమగును. ఇంకను చెడ్డ సంగతి, ఆ సమయమున దస్త్రమునే వ్రాయుచున్నచో సగము వ్రాసిన దస్త్రము మిగులును. అపుడు క్రొత్త ఫైలే కాక పాతవియు ప్రమాదములో పడును.

దీనికి విరుగుడు ఒక్కటే. లాగుటకు ముందు అన్‌మౌంటు చేయవలయును. ఫైళ్ల కిటికీలో డ్రైవు పేరు ప్రక్కన పైకి చూపు చిన్న బాణపు గుర్తొకటి యుండును. దానిని నొక్కుడు. అట్లు నొక్కుట, రేవు అధికారితో ఓడ బయలుదేరుచున్నదని చెప్పుట వంటిది. లినక్సు గిడ్డంగిలో మిగిలినదంతయు ఎక్కించి, దస్త్రమును మూసి, మోకులు విప్పును. ఇంకను వ్రాయుచున్నచో, తీయవద్దని తెరమీద చెప్పును. పని తీరిన పిదప, ఇక తీయవచ్చునని చెప్పును. లేదా డ్రైవు పేరే వరుసనుండి తొలగిపోవును. అప్పుడు తీయుడు. పెన్‌డ్రైవులో చిన్న దీపమున్నచో అది మినుకుమినుకుమనుట మానిన పిదప తీయుట మరియు మంచిది. అయితే దీపమును మాత్రమే నమ్మరాదు. అన్ని డ్రైవులకు దీపముండదు.

ఒక్కొక్కప్పుడు బాణము నొక్కినను, డ్రైవు పనిలో నున్నది విడువజాలనని లినక్సు చెప్పును. దీనికి కోపపడరాదు. ఓడమీద ఇంకను ఎవరో కూలీ మిగిలియున్నాడని దాని యర్థము. పెన్‌డ్రైవులోని చిత్రమేదైనను తెరచి యుంచితిరేమో, పాట వినుచుంటిరేమో, కాగితమేదైనను దిద్దుచుంటిరేమో చూచి ఆ కిటికీని మూయుడు. ఆజ్ఞలను అక్షరములతో వ్రాయు టెర్మినల్ అను కిటికీ తెరచి, అందులో ఆ డ్రైవు ఫోల్డరులో నిలిచియున్నను ఇట్లే జరుగును. దానినుండి బయటికి రావలయును. పిదప మరల నొక్కుడు, విడుచును. విడువకున్నచో కంప్యూటరును క్రమముగా ఆపివేసి, పూర్తిగా ఆగిన తరువాత తీయుడు, అదియు క్షేమమే.

టెర్మినల్ వాడు పిల్లలకు ఒక చిన్న మాట. కలుపుటకు మౌంట్ అను ఆజ్ఞ. విడుచుటకు ఆజ్ఞ అన్‌మౌంట్ అని పలికినను వ్రాయునపుడు మొదటి యు తరువాత ఎన్ అక్షరము లేదు. యు, ఎం, ఓ, యు, ఎన్, టి - ఇంతే. ఈ ఒక్క అక్షరముచే ఎందరో క్రొత్తవారు తికమకపడుదురు. అట్లే, ఇదివరకే ఫైళ్లున్న ఫోల్డరుమీద డ్రైవును మౌంటు చేసినచో ఆ ఫైళ్లు కనబడకుండపోవును. భయపడనక్కరలేదు, డ్రైవును విడువగానే అవి మరల కనబడును. తలుపునకు ముందు తెర కట్టినట్లే కాని, ఇల్లు పోలేదు.

ఇక తరచుగా తగులు చిక్కులు రెండు మూడు చెప్పి ముగింతును.

మొదటిది: డ్రైవు తెరచుకొనును, చదువవచ్చును గాని క్రొత్తది వ్రాయనీయదు. ఇందుకు కారణములు పలు విధములు. అంతకుముందు ఎవరో దానిని అర్ధాంతరముగా లాగియుండవచ్చును. దస్త్రము సరిగా మూయబడలేదని గుర్తించి లినక్సు జాగ్రత్తపడుచున్నది. లేదా అది విండోస్ యంత్రములో వాడిన డ్రైవై, ఆ యంత్రమును పూర్తిగా ఆపక నిద్రపుచ్చియుందురు. అపుడు దానిని మరల ఆ విండోస్ యంత్రమునకే తగిలించి, క్రమముగా విడదీసి, యంత్రమును పూర్తిగా ఆపి తెచ్చుట మేలు. కెమెరా కార్డైనచో దాని ప్రక్కనున్న చిన్న తాళపు మీట క్రిందికి జరిగినదేమో చూడుడు. చాలమారులు రోగమంతయు అచ్చటనే యుండును.

రెండవది మిక్కిలి ముఖ్యము. డ్రైవును పెట్టగానే కంప్యూటరు, దీనిని ఫార్మాట్ చేయవలయునని యడిగినచో సరే యని నొక్కవద్దు. ఫార్మాటనగా పాత దస్త్రమును తీసివేసి తెల్లకాగితము పెట్టుట. ఒక యంత్రము చదువలేనంత మాత్రమున డ్రైవు ఖాళీ యని కాదు. లినక్సు దస్త్రమును విండోస్ చదువలేక ఇట్లడుగుట కలదు. తెలిసినవారికి చూపువరకు దానిని ప్రక్కన పెట్టుడు. అట్లే, పొరపాటున చెరిపినది మరల కావలసినచో ఆ డ్రైవులో క్రొత్తది ఒక్కటియు వ్రాయకుడు. చెరిపిన సరకు చాలమారులు కొంతకాలము లోపలనే యుండును. క్రొత్త సరకు దానిమీద పడినచో ఇక రాదు.

మూడవది: పెన్‌డ్రైవును శాశ్వతమని నమ్మవద్దు. దానిలోని వ్రాత యంతయు సూక్ష్మమైన విద్యుత్తు రూపమున నిలిచియుండును. ఏండ్ల తరబడి వాడక పెట్టెలో పడవేసినచో అది సన్నగిల్లవచ్చును. వేడియు, తేమయు దానికి శత్రువులు. మా సముద్రపు గాలి లోహమును ఎట్లు తినునో పూడిమడకవారి నడిగిన చెప్పుదురు. కావున విలువగల దానిని రెండు చోట్ల దాచుడు. ఒకటి ఇంట, ఒకటి కూతురి యింటనో, కొడుకు పనిచేయు పట్టణముననో. యేడాదికొకసారి, సంక్రాంతికి ఇల్లు దులుపునపుడు, దానిని తెరచి చూచుకొనుడు.

ఇప్పుడు చెప్పినదంతయు నాలుగు మాటలలో కూర్చెదను. విలువగల ఫైలును తరలింపకుడు, నకలు తీయుడు. నకలైన పిదప బాణపు గుర్తు నొక్కి డ్రైవును విడువుడు. తీయవచ్చునని చెప్పినంతవరకు వేచియుండుడు. మరల పెట్టి, తెరచి, చిత్రమైనచో చూడుడు, గొంతైనచో చివరివరకు వినుడు. అంతయు సరిగా నున్నదని తెలిసిన తరువాతనే మూలమును చెరుపుడు. ఈ పనులకు కొంత సమయము పట్టును. మా కుర్రవాడు బస్సునకై తొందరపడినపుడు మిగుల్చుకొన్నది అర నిమిషము కూడ కాదు.

ఒక విన్నపము. మీ యూళ్లలో పాత పొలముల పేర్లు, చెరువుల పేర్లు, ఇంటి పెద్దల మాటలు ఎరిగినవారు ఇంకను కొందరున్నారు. పిల్లలచేత వారి గొంతులను పట్టించుడు. పట్టించిన పిదప, పెన్‌డ్రైవు తీయు సమయమున మీరే ప్రక్కన కూర్చుండుడు. కంప్యూటరు మీకు రానక్కరలేదు. "బాబూ, బాణము నొక్కితివా? తీయవచ్చునని చెప్పినదా?" అని యడిగిన చాలును. ఆనాడు మా యింట ఆ ప్రశ్న వేయువారొక్కరున్నచో, నేడు నేను గొల్లల గరువు తరువాతి మడి పేరును మీకు చెప్పగలిగియుందును.